అడిగే తల్లి లేని పిల్లల కోసం మనమే అడగాలి

(మండల సమాఖ్య 2024-25 సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామైక్య సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి సంవత్సరం ఈ సభలో మేము చదివేది లెక్కలే. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, రికవరీ ఎంత అని చదువుతాం. ఆ లెక్కలన్నీ నివేదికలో ఉన్నాయి. ఈసారి మా గ్రామైక్య సంఘం తరఫున వేరే లెక్క ఒకటి చెప్పాలనుకున్నాం. అది నిన్నమొన్నటి దాకా మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. అమ్మానాన్న దగ్గర లేకుండా మా ఊళ్ళో పెరుగుతున్న పిల్లల లెక్క అది.

ఇది గొప్ప చెప్పుకోవడానికి కాదు. మా తప్పుతోనే మొదలు పెడతాం.

మా ఊళ్ళో ఒక సంఘంలో ఒక అవ్వ ఉంది. సంఘం పెట్టిన రోజు నుంచి సభ్యురాలు. పొదుపు ఎప్పుడూ తప్పలేదు. 2024 వానాకాలంలో ఆమె వరుసగా మూడు మీటింగులకు రాలేదు. నియమం ప్రకారం ఫైను రాసినాం. నాలుగో మీటింగుకు వచ్చింది, ఫైను కట్టింది, సంతకం పెట్టి లేచి పోయింది. ఎందుకు రాలేదవ్వా అని మాలో ఒక్కరమూ అడగలేదు. మినిట్స్ పుస్తకంలో ఫైను ఉంది, కారణం లేదు.

కారణం సెప్టెంబరులో తెలిసింది. వేరే మండలంలో ఇచ్చిన ఆమె కూతురు జబ్బు చేసి చనిపోయింది. అల్లుడు అంతకు ముందే ఇల్లు వదిలి పోయినాడు, ఎక్కడున్నాడో తెలియదు. ఇద్దరు పిల్లల్ని అవ్వ తన ఇంటికి తెచ్చుకుంది. పాపకు పన్నెండేళ్ళు, ఏడో తరగతికి రావాలి. పిల్లోడికి మూడు నిండి నాలుగు నడుస్తా ఉంది.

జూన్‌లో బడులు తెరిచినా ఆ పాప బడికి పోలేదు. అవ్వ ఒకసారి తీసుకొని పోతే పాత బడి నుంచి టీసీ తెమ్మన్నారంట. పాత ఊరికి పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు కావాలి. అట్లా వారం వారం వాయిదా పడింది. అవ్వకు తెలియనిది, మాకూ అప్పటికి తెలియనిది ఒకటుంది. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లలు బడి మారినప్పుడు టీసీ ఆలస్యమైందనే కారణంతో చేర్చుకోవడం ఆపకూడదు అని అందులో స్పష్టంగా రాసి ఉంది. వయసు రుజువు కాగితం లేదని కూడా ఆపకూడదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కరు అవ్వ పక్కన ఉంటే జూన్‌లోనే పని అయ్యేది.

మేము పోయి మాట్లాడితే హెడ్‌మాస్టరు ఒప్పుకున్నారు. అయినా పాప రెండు రోజులు వచ్చి మూడో రోజు మానేసింది. ఇంటికి పోయి అడిగితే తలుపు దగ్గర తమ్ముణ్ణి చంకనేసుకొని నిలబడింది. "వీణ్ణి ఎవరు చూస్తారు?" అనింది.

మా ఊరి అంగన్‌వాడీ అద్దె గదిలో ఉంది. మరుగుదొడ్డి లేదు, కుళాయి లేదు. ఆయమ్మ పోస్టు ఖాళీ. టీచరమ్మ ఒక్కతే వండాలి, పెట్టాలి, రాయాలి, ఫోనులో ఫొటోలు ఎక్కించాలి. పిల్లలు ఒంటికి, రెంటికి అంటే రోడ్డు దాటించి బయటికి తీసుకొని పోవాలి. అందుకని అన్నం పెట్టగానే పిల్లల్ని ఇళ్ళకు పంపేస్తా ఉంది. ఆమెను తప్పు పట్టలేం. కానీ అవ్వ కూలికి పోయి సాయంత్రం గానీ రాదు. మధ్యాహ్నం నుంచి పిల్లోణ్ణి చూడాల్సింది అక్కే. పన్నెండేళ్ళకే ఆ పాప తల్లి అయి కూర్చుంది.

అక్కలారా, మాకు అప్పుడు అర్థమైంది ఇదే. అంగన్‌వాడీ చిన్నపిల్లల సంగతి, బడి పెద్దపిల్లల సంగతి అని మనం విడివిడిగా చూస్తాం. తల్లి ఉన్న ఇంట్లో అట్లా చూసినా నడుస్తుంది. తల్లి లేని ఇంట్లో నడవదు. అక్కడ అంగన్‌వాడీ మధ్యాహ్నం మూతపడితే పెద్దపిల్లకు బడి మూతపడినట్టే. ముఖ్యంగా ఆడపిల్లకు.

తర్వాత మేము యానిమేటరును తీసుకొని ఇల్లిల్లూ తిరిగినాం. 11 మంది పిల్లలు తేలినారు. నలుగురికి అమ్మానాన్న చనిపోయి గానీ, వదిలేసి గానీ ఉన్నారు. మిగతా ఏడుగురి అమ్మానాన్నలు ఏటా సుగ్గికి పోతారు. మిరపకాయల కోతలకు గుంటూరు దిక్కు పోతే నాలుగైదు నెలలు రారు. వాళ్ళ పిల్లలు జేజి, తాత దగ్గరో, పిన్నమ్మ దగ్గరో ఉంటారు. ఆ 11 మందిలో అయిదుగురు ఆరేళ్ళ లోపు వాళ్ళు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మాకు ఆ సంఖ్య అంతవరకు తెలియదు.

ఇక పంచాయతీ సంగతి. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగినాయి, మీ అందరికీ గుర్తుంటుంది. మేము కూడా పోయినాం, చేతులెత్తినాం. సిమెంటు రోడ్డు, మురుగు కాలువ, వీధి దీపాలు అడిగినాం. మేము ఇచ్చిన గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక తీసి చూసుకుంటే పిల్లల గురించి రాయాల్సిన చోట ఖాళీగా ఉంది. ఆ ఖాళీ సర్పంచి పెట్టింది కాదు, మేము పెట్టిందే.

అక్టోబర్ 2 గ్రామసభకు ఈ పిల్లల జాబితా పట్టుకొని పోయినాం. సర్పంచి గారు మంచిగానే విన్నారు. "అక్కా, అంగన్‌వాడీ ఐసీడీఎస్ వాళ్ళది, బడి ఎంఈఓ గారిది. మధ్యలో పంచాయతీకి ఏం సంబంధం?" అన్నారు. ఆ మాటలో సగం నిజం ఉంది. టీచరమ్మ జీతం, ఆయమ్మ పోస్టు, బడి టీచర్లు పంచాయతీ చేతిలో లేవు. కానీ మిగతా సగం చెప్పడానికి మేము తయారై పోయినాం. మీకు కూడా పనికొస్తుందని ఇక్కడ చెప్తున్నాం.

73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీలకు 29 అంశాలు ఇవ్వొచ్చని రాసినారు. ప్రాథమిక విద్య అందులో ఉంది. మహిళా, శిశు అభివృద్ధి కూడా ఉంది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకు పెట్టిన తొమ్మిది లక్ష్యాల్లో బాలల స్నేహపూర్వక గ్రామం ఒకటి. తన పరిధిలో ఉన్న 14 ఏళ్ళ లోపు పిల్లల వివరాలు స్థానిక సంస్థ రాసి ఉంచాలని విద్యా హక్కు చట్టమే చెప్తుంది.

డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి పెట్టుకోవచ్చు గానీ జీతాలకు వాడకూడదు. అంటే ఆయమ్మను పెట్టమని పంచాయతీని అడిగితే వాళ్ళు కాదనడం న్యాయమే. అంగన్‌వాడీకి మరుగుదొడ్డి, కుళాయి అడిగితే కాదనడానికి కారణం లేదు. సొంత భవనానికి అయితే ఉపాధి హామీ నుంచి 8 లక్షలు, ఆర్థిక సంఘం నిధుల నుంచి 2 లక్షలు, శిశు సంక్షేమ శాఖ నుంచి 2 లక్షలు, 2024-25లో మొత్తం 12 లక్షల లెక్క ఉండింది. దానికి పంచాయతీ తీర్మానం, స్థలం కావాలి.

ఒక వార్డు మెంబరు లేచి, "ఇద్దరు పిల్లల కోసం ఊరి డబ్బు పెడతామా?" అన్నాడు. మేము జవాబు చెప్పేలోపే అవ్వ లేచింది. "నేను డబ్బు అడగలేదు నాయనా. పిల్లోడు పొద్దుగూకే దాకా ఆడ ఉండేట్టు చూడండి. పాప బడికి పోతాది" అనింది. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ రోజు రాసుకున్న తీర్మానాలు, వాటి గతి ఉన్నది ఉన్నట్టు చెప్తాం. మరుగుదొడ్డికి, కుళాయికి తీర్మానం అయింది. అద్దె గది అయినా ఇంటి యజమానితో కాగితం రాయించుకొని జనవరిలో పని పూర్తి చేసినారు. సొంత భవనానికి కూడా తీర్మానం అయింది గానీ స్థలం దగ్గర తగాదా వచ్చి ఆగింది, ఇప్పటికీ ఆగే ఉంది. ఆయమ్మ పోస్టు నింపాలని సీడీపీఓ గారికి తీర్మానం పంపినాం. ఇంకా నింపలేదు. అప్పటి దాకా సంఘాల వాళ్ళం వంతులు వేసుకొని మధ్యాహ్నం అంగన్‌వాడీలో కూర్చున్నాం, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. దయచేసి దీన్ని సేవ అని పొగడొద్దు. వంతు వచ్చిన రోజు మా కూలి పోయింది. పోస్టు నింపడం ప్రభుత్వం పని. మన ఉచిత పని చూసి ఆ పోస్టు అవసరమే లేదనుకునే ప్రమాదం ఉంది. అందుకే ప్రతి నెలా ఒక అర్జీ పెడతానే ఉన్నాం.

పాప నవంబరులో బడికి పోయింది. మళ్ళీ మానలేదు. అయిదు నెలల పాఠాలు పోయినాయి, లెక్కల్లో ఇంకా వెనకే ఉంది.

మధ్యలో ఒక మాట వచ్చింది. పాపను కస్తూర్బాలో చేర్చి, పిల్లోణ్ణి ఏదైనా సదనంలో వేస్తే అవ్వకు బరువు తగ్గుతుంది కదా అని. కస్తూర్బా బడులు ఇట్లాంటి ఆడపిల్లల కోసమే, మంచి చదువులు. మాలో కొందరికి కూడా అదే సరి అనిపించింది. పాపను అడిగితే తమ్ముణ్ణి వదిలి పోను అనింది. తర్వాత తెలుసుకుంటే, 2015 బాలల న్యాయ చట్టం కూడా పిల్లల్ని సంస్థలో పెట్టడం చిట్టచివరి మార్గం కావాలనే చెప్తుంది. ముందు కుటుంబంలోనే ఉంచే దారి చూడాలి.

ఆ దారికి డబ్బు సాయం ఉంది. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. అమ్మానాన్న లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలు, భర్త లేని తల్లి పిల్లలు, పెద్ద జబ్బుతో మంచాన పడిన వాళ్ళ పిల్లలు అర్హులు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. బిడ్డ బడికి పోతా ఉండాలి. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వాలి. ఇంత పథకం ఉందని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

అవ్వతో దరఖాస్తు పెట్టించినాం. తల్లి మరణ ధ్రువపత్రం ఉంది. తండ్రి దగ్గర చిక్కు వచ్చింది. చనిపోయినాడా అంటే లేదు, ఉన్నాడా అంటే లేడు. వదిలేసి పోయినాడని పంచాయతీ నుంచి ఒక కాగితం, గ్రామైక్య సంఘం తీర్మానం ఒకటి జత చేసి మళ్ళీ ఇచ్చినాం. ఈ రోజు వరకు మంజూరు కాలేదు. ఈ సభకు వచ్చిన అధికారులు దయచేసి ఈ మాట రాసుకోవాలని కోరుతున్నాం.

ఇంకో సంగతి కూడా. విద్యా హక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు హక్కు ఇచ్చింది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అని మాత్రమే అందులో ఉంది. ఆ పిల్లల కోసం ఊరు అడగకపోతే చట్టం తనంతట తాను నడిచి రాదు.

చివరిగా సమాఖ్యకు నాలుగు మాటలు మనవి చేస్తున్నాం. ఒకటి, ప్రతి గ్రామైక్య సంఘం మినిట్స్ పుస్తకంలో ఒక పేజీ ఈ పిల్లలకు కేటాయించాలి. జూన్‌లో ఒకసారి, సుగ్గికి పోయే ముందు ఒకసారి రాయాలి. సుగ్గికి పోయేవాళ్ళ పిల్లలకు సీజనల్ హాస్టల్ ముందే అడగడానికి ఆ పేజీ పనికొస్తుంది. రెండు, గ్రామసభకు ఇచ్చే ప్రణాళికలో పిల్లల చోటు ఖాళీగా ఉంటే మండల సమాఖ్య దాన్ని వెనక్కి పంపాలి. మూడు, ఆరు నెలలకు ఒకసారి సీడీపీఓ గారిని, ఎంఈఓ గారిని ఒకే మీటింగులో కూర్చోబెట్టాలి. ఒకరి దగ్గరికి పోతే ఇంకొకరి దగ్గరికి పంపుతున్నారు. బిడ్డకు ఆపద ఉంటే మాత్రం ఏ మీటింగు కోసమూ ఆగొద్దు, 1098కి ఫోన్ చేయండి.

నాలుగోది మనకే. మీటింగుకు రాని సభ్యురాలికి ఫైను రాసే ముందు ఎందుకు రాలేదో ఇంటికి పోయి అడగాలి. ఊరి రోడ్డు కోసం అడగడానికి ఊరంతా ఉంది, ఓటు ఉంది. ఆ 11 మంది పిల్లలకు ఓటు లేదు, అడిగే తల్లి సభలో లేదు. తల్లి కూర్చోవాల్సిన ఆ చోట మనం కూర్చోవాలి.

అవ్వ దగ్గర తీసుకున్న ఫైను తిరిగి ఇచ్చేద్దామని సంఘంలో తీర్మానం చేసినాం. అవ్వ తీసుకోలేదు. పాప పేరు మీద ఏదైనా పుస్తకం కొనివ్వండి అనింది. లెక్కల గైడు కొనిచ్చినాం.