ప్రకటనకు పరీక్ష

మా నల్లగొండ సీమలో రెండు రకముల ఆముదపు విత్తనములలో ఏది మేలైనదో తెలియగోరిన రైతు, రెంటిని ఒకే చేనిలో, ఒకే కార్తెలో, ప్రక్కప్రక్క సాళ్లలో వేసి చూచును. ఒకదానిని చెల్కలోను, మఱియొకదానిని నల్లరేగడిలోను వేసి, "ఇది గెలిచినది" అనువానిని చూచి ఊరెల్ల నవ్వును. చేతిఫోనులలో సరకు నమ్మబోవువారు నేడు చేయుచున్న పని తఱచుగా ఇట్టిదే.

భూదాన్ పోచంపల్లి 2016 వఱకు నల్లగొండ జిల్లాలోనిది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నది. అచట నే నెఱిగిన యొక నేతయింటి చిన్నవాడు సామాజిక మాధ్యమములలో తన చీరలకు ప్రకటనలు పెట్టి, రెండు నెలల మగ్గపు రాబడిలో మంచి భాగము వ్యయపఱచెను. "అన్నా, లైకులు మస్తుగొచ్చినయ్. చీరెలు మాత్రం పెట్టెలనే ఉన్నయ్" అని నాతో మొఱపెట్టుకొనెను.

విచారింపగా తేలిన దిది. మొదటి ప్రకటన ఎఱ్ఱచీర. ఆషాఢమున హైదరాబాదువారికి చూపబడినది. రెండవది నీలిచీర; శ్రావణమున బెంగుళూరువారికి చూపబడినది. రెండవదాని నెక్కువమంది మెచ్చుకొనగా, నీలిరంగే మేలని నిశ్చయించి నూలంతయు నీలిలో అద్దించెను. ఆషాఢమున పెండ్లిండ్లు లేవు. పెద్ద దుకాణములు తగ్గింపు ధరలను చాటుచుండును. శ్రావణమున వ్రతములు, ముహూర్తములు. గెలిచినది రంగో, మాసమో, ఊరో చెప్పగలవా రెవరు?

ఈ చిక్కును విప్పిన మార్గము పొలములలోనే పుట్టినది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాక్షేత్రమున పనిచేసిన రొనాల్డ్ ఫిషర్, ఏ మడికి ఏ ఎరువు వేయవలెనో చీట్లు తీసినట్లు నిర్ణయింపవలెనని బోధించి, 1935లో ఆ పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. నేడు ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాములలో ప్రకటన లిచ్చువారికి అదే సౌకర్యము గలదు. చూచువారిని చీట్లు తీసినట్లు రెండు భాగములు చేసి, ఒక భాగమునకు ఒక ప్రకటనను, రెండవ భాగమునకు రెండవదానిని అవే దినములలో చూపుదురు. మనము చేయవలసినదెల్ల సొమ్ము సమముగా పెట్టుట, రెంటికిని నడుమ ఒక్క విషయమును మాత్రమే మార్చుట. చిత్రము మార్చినచో మాట మార్చరాదు. మాట మార్చినచో ధర మార్చరాదు.

తొందరపాటు మఱియొక దోషము. ఒక్కొక్క ప్రకటనను వేయిమంది చూచిరనుకొనుడు. ఒకదానికి ఆఱుగురు, రెండవదానికి తొమ్మండుగురు ధర యడిగినచో అది గెలుపు కాదు. బొమ్మాబొరుసు వేసినను అంత తేడా రావచ్చును. పదివేలమంది చూచి 60 మంది, 90 మంది అడిగినపు డా మాట వినదగినది. మఱి లెక్కింపవలసినది లైకులను గాదు. ధర యడిగినవా రెందఱు, కొన్నవా రెందఱు, తిప్పి పంపినవా రెందఱు? ఒక చీర తిరిగివచ్చినచో పోను రాను పంపకపు ఖర్చు నేతగానిమీదనే పడును.

ఇక మా పరీక్ష. చీర యొకటే, మాట లొకటే; చిత్రములు మాత్రము రెండు. ఒకటి ఆ పిల్లవాని తల్లి ఆసుపోయు చిత్రము. అది నా పట్టుదల. ఆలేరు దగ్గఱి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము, ఒక్క చీరకు సుమారు 9,000 సారులు చేయి ఆడించు తన తల్లి కష్టమును చూడలేక, 1992 మొదలు 1999 వఱకు శ్రమించి ఆసుయంత్రమును కనిపెట్టిన కథ నా మనస్సున మెదలుచుండెను. ఆయనకు 2017లో పద్మశ్రీ లభించినది. అట్టి కష్టమును చూచి ఎవరు కరగరని తలచితిని. రెండవది పిల్లవాడే తీసినది: చీరచెఱగును తిరగవేసి, లోవైపును చూపిన చిత్రము.

నా చిత్రమునకు హృదయపు గుర్తులు మెండుగా వచ్చినవి. కొన్నవారు మాత్రము తిరగవేసిన చెఱగును చూచినవారే. కారణము తరువాత వారి ప్రశ్నలవలననే తెలిసినది: "ఇది నేసినదా, అచ్చువేసినదా?" పోచంపల్లి చీరకు నూలును ముందే చిటికి కట్టి అద్దుదురు గనుక రంగు రెండువైపులను ఒకేతీరుగ నుండును, అచ్చుగుడ్డకు లోవైపు సాధారణముగా వెలవెలబోవును. కొనువారి సందేహమునకు ఆ చిత్రమే సమాధానము. గద్వాల సోదరులు కూడ నూలు ఒడలిని పట్టు అంచుతో కలిపిన అతుకును దగ్గఱగా చూపి, ఇట్లే పరీక్షింపవచ్చును.

ఒకానొకడు వానికి మఱియొక ఉపాయము చెప్పెను: ధరను రెట్టింపు వ్రాసి, కొట్టివేసి, "సగము ధరకే" యనుమని. దానినిగూడ పరీక్షింతమా యని పిల్లవాడు నన్నడిగెను. అది గెలిచెడిదే; సందేహము లేదు. కాని ఎన్నడును లేని ధరను ఉన్నట్లు చూపుట అబద్ధము. జనులను పెడదారి పట్టించు ప్రకటనలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము శిక్ష విధించుచున్నది. 2022లో ప్రత్యేక మార్గదర్శక సూత్రములును వెలువడినవి. చట్టము మాట యట్లుండగా, ఆ తల్లి "మన చీరెకు మనమే దొంగ ధర రాస్తమా?" అన్నది. ఆ పరీక్ష జరుగలేదు.

ఇప్పుడు నడచుచున్నది వేఱొకటి: అసలు ధరను ప్రకటనలోనే వ్రాయవలెనా, అడిగినవారికి చెప్పవలెనా? వ్రాయవలెనని నేను, వలదని ఆ తల్లి. క్రిందటిసారి ఓడినవాడను గనుక గట్టిగా వాదించుట లేదు.