మూర్ఛవేళ మందు ఏ త్రోవను పోవలెను?



మూర్ఛ మెదడునకు సంబంధించిన వ్యాధి. అది దయ్యము కాదు, శాపము కాదు, అంటువ్యాధియు కాదు. పెక్కుమార్లు అది రెండు మూడు నిమిషములలో తనంత తానే శాంతించును. అయిదు నిమిషములు దాటినను ఆగనిచో ప్రమాదము. ఆలస్యమైన కొలదిని అది మందునకు లొంగదు. ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. కావున ఏ మందు మంచిదను ప్రశ్నతోపాటు, అది ఎంత త్వరగా దేహమును చేరగలదను ప్రశ్నయు ముఖ్యమైనదే.

స్పృహ లేనివానిచే మాత్ర మ్రింగింపరాదు. అది ఊపిరిగొట్టమున పడవచ్చును. నరమునకు ఎక్కించిన మందు అతిశీఘ్రముగా పనిచేయును. కాని ఎగిరిపడుచున్న చేతిలో నరము దొరకవలెను గదా!

అమెరికాలో అంబులెన్సు సిబ్బంది ఈ విషయమును పరీక్షించిరి. ఫలితములు 2012లో ప్రకటితమైనవి. కొందరికి లోరాజెపాం నరమునకును, కొందరికి మిడజోలాం తొడకండకును ఇచ్చిరి. కండకు సూదివేయుటకు సుమారు 1.2 నిమిషములు, నరమునకు 4.8 నిమిషములు పట్టెను. దేహమున ప్రవేశించిన పిమ్మట నరపుమందు 1.6 నిమిషములలో, కండమందు 3.3 నిమిషములలో పనిచేసెను. అయినను ఆసుపత్రి చేరునప్పటికి, వేరొక మందు అక్కరలేకుండ మూర్ఛ ఆగినవారు కండమందు పొందినవారిలో నూటికి 73 మంది, నరపుమందు పొందినవారిలో 63 మంది. మెల్లగా పనిచేయు మందే ముందుగా చేరి గెలిచినది.

ఇండ్లలో సూది వేయువా రుండరు. డయజెపామును మలద్వారమున ఎక్కించుట పాతపద్ధతి. పసివారికి తగినదైనను, ఎదిగినవారికి నలుగురిలో సిగ్గు కలిగించును. మిడజోలామును చెంపకును చిగుళ్లకును నడుమ పోయుట, ముక్కులో చల్లుట అంతకంటె సులభము. ఇంగ్లండులో పిల్లలకు జరిగిన పరీక్ష 2005లో ప్రకటితమైనది. మూర్ఛ పది నిమిషములలో ఆగి, గంటలోపల తిరిగి రాక, శ్వాస కుంటుపడకుండుట చెంపమందుతో నూటికి 56 మార్లు, మలద్వారపు మందుతో 27 మార్లు సంభవించెను.

ఈ మందులన్నియు శ్వాసను మందగింపజేయగలవు. వైద్యుడు బరువును బట్టి నిర్ణయించిన మోతాదును మీరరాదు.

తాళపుచెవి చేత నుంచుటవలన ఫలము లేదు. పండ్ల నడుమ చెంచా దూర్చరాదు. రోగిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, గడియారము చూచుచుండవలెను. అయిదు నిమిషములు దాటినచో, లేక తొలిసారి మూర్ఛ వచ్చినచో, 108కి కబురు చేయవలెను.

మూర్ఛరోగి గల ప్రతి కుటుంబమును వైద్యుని నాలుగు మాటలడుగవలెను: ఏ మందు? ఏ త్రోవను? ఎంత? ఎన్ని నిమిషముల పిమ్మట? ఆ సమాధానములను కాగితముపై వ్రాసి గోడకు అంటించి, ఇరుగుపొరుగువారికిని బడిపంతులుగారికిని తెలుపుడు. ఆపద వచ్చునప్పుడు దగ్గర నుండువారు వారే.