పని తప్పిన దినములు
(వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



నేను ముప్పదియైదేండ్లు బాలురచేత శబ్దములును ధాతువులును వల్లె వేయించినవాడను. మగ్గపు గుంటలో దిగవలసినవాడు కుర్చీ యెక్కి బెత్తము పట్టెనని మా తండ్రిగారు నవ్వుచుండెడివారు. అట్టి నన్ను పిలిచి, వృత్తులు నిలుకడ లేక మారుచున్న యీ కాలమున మనవారెట్లు మెలగవలెనో చెప్పుమని కార్యనిర్వాహకులు కోరిరి. ఉపదేశము చేయుటకు నాకు శక్తి చాలదు. కన్నులార చూచినదానిని మాత్రము విన్నవించెదను.

సంస్కృతమున తంత్రమను మాటకు మగ్గమనియు, మగ్గముపై పరచిన పడుగనియు అర్థము కలదు. సూత్రమనగా దారమే. బృహదారణ్యకోపనిషత్తులో గార్గి యాజ్ఞవల్క్యుని ప్రశ్నించుచు, ఈ లోకమంతయు దేనియందు పడుగుపేకలుగా అల్లుకొనియున్నదని అడుగును. ఈ సంగతులు మన సభలలో ఏటేట వినిపించుచుండును. మనము సంతోషించి కరతాళములు చేయుదుము. నేనును చేసితిని. కాని సభ ముగిసి యిల్లు చేరినవానికి దానివలన నూలుషావుకారు బాకీ తీరదు గదా!

మార్పు మనకు క్రొత్త చుట్టము కాదు. నాడెను ఒక చేత విసరి మరియొక చేత అందుకొనుచుండిన కాలమొకటి యుండెను. తాడు లాగినంతనే నాడె తనంతట దూకు ఉపాయమును 1733లో ఇంగ్లండున జాన్ కే అనువాడు కల్పించెను. అది మన జిల్లాలలో వ్యాపించుటకు ఇరువదవ శతాబ్దము రావలసివచ్చెను. అనగా మన పూర్వులకు బెదరుటకును, తేరుకొనుటకును తీరిక చిక్కెను. తరువాత మిల్లుబట్ట, ఆ పిమ్మట మరమగ్గము వచ్చెను. 1985 నాటి చట్టముక్రింద చేమగ్గమునకు ప్రత్యేకించిన 22 రకముల వస్త్రములు కాలక్రమమున 11 రకములైనవి. దేశమున చేనేతపై బ్రతుకువారు 1995 లెక్కలో సుమారు 65 లక్షలు. 2009–10లో 43 లక్షలు. 2019–20లో 35 లక్షలు. తాతకు జన్మమున కొక మార్పు వచ్చినచో మనుమనికి పదేండ్ల కొకటి వచ్చుచున్నది.

ఇక మా యింటి సంగతి. మా పినతండ్రి బొంబాయిలో ఒక బట్టల మిల్లున సాంచాలు నడుపుచుండెను. 1982 జనవరి 18వ తేదిన దత్తా సామంతుగారి నాయకత్వమున అక్కడి మిల్లులలో సమ్మె ఆరంభమాయెను. ఇంచుమించు రెండున్నర లక్షలమంది పనివారు వెలికి వచ్చిరి. సమ్మె ఏడాదికి మించి సాగెను. అనేకులకు మరల పని దొరకనే లేదు. మాకు మాత్రము నెలనెల మనియార్డరు వచ్చుచునే యుండెను. నేనప్పుడు ప్రాచ్యకళాశాలలో చదువుచుంటిని. సెలవులకు వచ్చినప్పుడెల్ల ఆ కాగితము అడుగున వ్రాసిన రెండు పంక్తులను మా నాయనమ్మ నాచేత చదివించుకొనెడిది. క్షేమము, పని నడుచుచున్నది, అని యుండెడిది. పట్టణమున సమ్మెయట గదా యని నేనడిగితిని. మావాని మిల్లునకు లేదులే యని ఆమె కసరెను.

పదునాలుగు నెలలకు ఒకనాటి రాత్రి ఆయన రేకుపెట్టెతో గడపలో నిలిచెను. ఆ మనియార్డరులన్నియు వడ్డీకి తెచ్చిన సొమ్ములని అప్పుడు తెలిసెను. పెరటిదొడ్డి అమ్మితిమి, అదియు చాలలేదు. నాకేల వ్రాయలేదురా యని నాయనమ్మ యడిగినందుకు ఆయన చెప్పినది ఒకటే మాట: కులములో మాట వచ్చునని!

సభాసదులారా! కులములో మాట యనగా మనమే. ఆ దొడ్డి అమ్మించినది సమ్మె యొక్కటే కాదు.

నలువదేండ్లు గడచినవి. నిరుడు మా బంధువుల యువకుడొకనికి హైదరాబాదులో కంప్యూటరు కొలువు పోయెను. అతడు నాలుగు నెలలు ప్రతిదినము సంచి భుజమున వేసికొని యింటినుండి బయలుదేరి గ్రంథాలయములో కూర్చుండి సాయంకాలము తిరిగి వచ్చుచుండెనట. భార్యకును తెలియదు. మిల్లు పోయి కంప్యూటరు వచ్చినను దాచుకొను రోగము మాత్రము మారలేదు.

ఒక్కచోటి పనినే నమ్ముకొన్నవారి బాధ సిరిసిల్లలో చూచితిమి. 2017 మొదలు బతుకమ్మ చీరెల నేత అక్కడి మరమగ్గములకు గొప్ప ఆధారమాయెను. 2023తో ఆ పంపిణీ ఆగగా 2024లో పెక్కు సాంచాలు ఊరకుండెను. (నా సంస్కృతమునకును ఇదే గతి. ఇంటర్మీడియట్ బాలురు దానిని మార్కులకొరకే పుచ్చుకొందురు. మార్కులు ఆగిననాడు పండితుడును ఆగును.)

ఆలేరు దగ్గరి శారాజిపేటవాసి చింతకింది మల్లేశముగారిని మీరందరు ఎరుగుదురు. ఆసు పోయుటలో తల్లిగారి చేయి ఒక్క చీరెకే వేలసార్లు ఇటునటు తిరుగవలసియుండెను; భుజము పట్టుకొనిపోవుచుండెను. ఆ బాధ చూడలేక ఆయన 1992లో యంత్రమునకు పూనుకొని 1999 నాటికి సాధించి దానికి తల్లి పేరు పెట్టెను. 2017లో పద్మశ్రీ వచ్చెను. శాలువ కప్పుటకు మనము పరుగెత్తుదుము, మంచిదే. కాని ఆ నడుమ ఏడేండ్లవంటి కాలమున, పని తేలక, అప్పు పెరిగి, ఊరు నవ్వుచుండగా, అట్టివాని గడప మనలో ఎందరము తొక్కుదుము?

కావున నా మనవి ఇది. మన విద్యానిధి పిల్లల చదువులకే వెచ్చింపబడుచున్నది. అందులో నాలుగవ వంతు పని తప్పిన పెద్దల కొరకు ప్రత్యేకింపుడు. ఆరు నెలల కుటుంబభరణమునకు వడ్డీలేని బదులును, క్రొత్తపని నేర్చుకొనుటకు రుసుమును ఇండు. నలువదేండ్లవాడు నేర్చునా యని కొందరందురు. అతుకు పని చూచినవారు అట్లనరు. పాత పడుగు కొసను తీసివేయక అచ్చులో నిలిపి, వ్రేళ్లకు బూడిద అద్దుకొని, క్రొత్త పడుగు పోగును పోగుతో మెలిపెట్టుదుము. చేతికి వచ్చిన లెక్క, ఓర్పు, రంగుల తెలివి ఎక్కడికి పోవును? భివండీలో సాంచా నడిపినవాడు ఊరికి వచ్చి విద్యుద్యంత్రములు బాగుచేయుట నేను చూచియున్నాను.

దాతల పేర్లు ఎంత పెద్ద అక్షరములతోనైనను ఈ సంచికలో అచ్చువేయుడు. పుచ్చుకొన్నవాని పేరు మాత్రము వేదికమీద గాని కాగితముమీద గాని రాగూడదు. ఈ నియమము లేనిచో నిధి యుండియు ఎవడును రాడు. మా పినతండ్రి వచ్చియుండడు.

రేపు భోజనానంతరము వేదిక వెనుకటి గదిలో నేనును, మరి యిద్దరు పెద్దలును కూర్చుండెదము. పని తప్పినవారు, తప్పునని భయపడువారు రావచ్చును, తలుపు మూసికొందుము. నా మూడు నెలల పింఛను మొదటి సొమ్ముగా కోశాధికారిగారికి అప్పగించితిని. రసీదు వలదంటిని. వారు వినక వ్రాసియిచ్చిరి.