చర్మపు కోటను దాటు మందు

ఆషాఢమాసమున మన యిండ్లలో ఆడపిల్లలు గోరింటాకు పెట్టుకొందురు. రాత్రియంతయు ఉంచుకొని ఉదయమున కడిగికొన్నచో అరచేయి ఎఱ్ఱగా పండును. కొన్ని వారములు గడచునప్పటికి ఆ యెఱుపు తనంతట తానే మాసిపోవును. ఎందువలన? ఆ రంగు లోపలి చర్మమునకు దిగలేదు. పైనున్న మృతకణముల పొరలోనే నిలిచిపోయినది. ఆ పొర రాలిపోవుటతో రంగును రాలిపోయినది. గోరింట రంగు దాటలేని ఆ పొరను గుఱించియు, దానిని దాటితీరవలసిన యొక మందును గుఱించియు నేడు ముచ్చటింపదలచితిని.

ఆ పొర మందము శరీరమందలి పెక్కుచోట్ల మిల్లీమీటరులో నూఱవ వంతునుండి ఏబదవ వంతు వఱకు మాత్రమే. అరచేతులయందును అరికాళ్లయందును ఇంకను హెచ్చు. ఎండిన కణములు ఇటుకలవలె పేర్చబడి యుండును. వాని నడుమ క్రొవ్వుపదార్థములు సున్నపుటడుసువలె నిండి యుండును. మన దేహములోని నీరు ఆవిరియై పోకుండ కాపాడునదియు, సూక్ష్మక్రిములను వెలుపలనే నిలుపునదియు ఈ గోడయే. కాని కోట కాపరికి శత్రువెవరో వైద్యుడెవరో తెలియదు. ఇద్దఱిని వాకిటనే నిలిపివేయును.

ఇక మందు సంగతి. మ్యూనిక్ నగరమున ఆస్కార్ రాబ్ అను వైద్యవిద్యార్థి ఆక్రిడీన్ అను రంగు కలిపిన నీటిలో సూక్ష్మజీవులనుంచి పరీక్షించుచుండెను. వెలుతురులో నున్నవి త్వరగా చచ్చుటయు, చీకటిలో నున్నవి బ్రతికి యుండుటయు చూచి, ఆ విషయమును 1900లో ప్రకటించెను. ఆయన గురువగు టాపెయినర్, జెసియొనెక్ అను వైద్యునితో కలసి, 1903లో చర్మపు కాన్సరుపై ఇయోసిన్ రంగు పూసి వెలుగు ప్రసరింపజేసెను. రంగు, వెలుగు, ప్రాణవాయువు అను మూడును కూడినప్పుడే పని జరుగును. వెలుగును గ్రహించిన రంగు ఆ శక్తిని ప్రాణవాయువున కిచ్చును. ఉద్రిక్తమైన ఆ ప్రాణవాయువు చెంతనున్న కణమును నాశనము చేయును. మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నను ఫలితము శూన్యము.

రంగును రక్తములోనికి ఎక్కించిన నేమగునో 1912లో మేయర్ బెట్జ్ అను జర్మను వైద్యుడు తన శరీరముపైననే పరీక్షించుకొనెను. 200 మిల్లీగ్రాముల హెమటోపోర్ఫిరిన్ ఎక్కించుకొని ఎండలోనికి పోగా, ఎండ సోకిన ముఖమును చేతులును వాచిపోయెను. ఆ బాధ నెలల తరబడి ఆయనను వదలలేదు. కావున చర్మరోగమునకు మందును రోగమున్న చోటనే పూయుట మేలు కదా! కాని అణుభారము 500 మించిన పదార్థములు చర్మపు గోడను దాటుట మిక్కిలి కష్టము. హెమటోపోర్ఫిరిన్ అణుభారము సుమారు 600.

ఈ చిక్కును విడదీయుటకు కెనడాలోని కింగ్‌స్టన్ నగరమున కెనెడీ, పాటియర్ అను శాస్త్రజ్ఞులును వారి సహచరులును చేసిన కృషి 1990లో వెలువడెను. వారు రంగును పూయలేదు. రంగునకు ముడిసరకును పూసిరి. దాని పేరు అమైనోలెవ్యులినిక్ ఆమ్లము, అణుభారము 131 మాత్రమే. రక్తమునకు ఎఱుపు నిచ్చు పదార్థమును తయారుచేయు మార్గమున మన కణములే దీనిని వాడుకొనును. ఇది అధికముగా లభించినప్పుడు ప్రోటోపోర్ఫిరిన్ అను రంగు కణములలో పోగగును. వ్యాధికణములలో ఆరోగ్యకణములలోకంటె హెచ్చుగా నిలుచును. అప్పుడు నీలికాంతినో ఎఱ్ఱకాంతినో ప్రసరింపజేయుదురు.

అయినను కష్టము పూర్తిగా తీరలేదు. ఈ ఆమ్లము చిన్నదే గాని నీటితో చెలిమి చేయునది; గోడలోని అడుసు క్రొవ్వుతో కూడినది. నీటికిని నూనెకును పొత్తు కుదరదని వంటయింటిలో నెఱిగినదే. కావున వైద్యులు పలు ఉపాయములు పన్నిరి. మొదట మచ్చపై గట్టిపడిన పొలుసును మృదువుగా గీకి తీసివేయుదురు. మందు పూసి, గాలి చొరకుండ కట్టుకట్టి, తఱచుగా మూడుగంటలసేపు ఉంచుదురు. కట్టు క్రింద చెమ్మ నిలిచి గోడ కొంత మెత్తబడును. ఆమ్లమునకు మిథైలు తోక తగిలించి, క్రొవ్వుతో పొత్తు కుదుర్చుట వేఱొక ఉపాయము. అట్టి మందు ఐరోపాలో 2001లో వాడుకలోనికి వచ్చెను. అతిసూక్ష్మమైన నూనెబిందువులతో కలిపిన లేపనమునకు ఐరోపాలో 2011లోను, అమెరికాలో 2016లోను అనుమతి లభించెను. లేజరు కిరణములతోనో, కంటికి ఆనని సన్నని సూదులతోనో చర్మమున సూక్ష్మరంధ్రములు చేసి మందు దింపు పద్ధతియు కలదు.

అట్లని లోపలికి ఎంత పోయిన అంత మేలని తలపరాదు. ఆరోగ్యచర్మములో రంగు నిండినకొలది వెలుగు సోకునప్పుడు మంటయు వాపును హెచ్చును. మందు చేరినచోటికి వెలుగును చేరవలెను. నీలికాంతి పైపైననే ఆగును. ఎఱ్ఱకాంతి కొంత లోతునకు దిగును. కావున ఈ చికిత్స పలుచని మచ్చలకును, ఎండవలన కలుగు పొలుసుమచ్చలకును తగును గాని, లోతుగా పాకిన కాన్సరునకు తగదు. నల్లని కాన్సరగు మెలనోమాకు ఇది మందు కాదు. చికిత్స పొందినవారు రెండు దినములు ఆ చోట ఎండ తగులనీయరాదు.

బొల్లిమచ్చలకు బావంచాలు నూఱి పూసి ఎండ చూపుట మన ఆయుర్వేదము ఎఱిగిన పద్ధతియే. దాని పని వేఱు, దీని పని వేఱు. కాని మందునకు వెలుగు తోడుకావలెనన్న ఎఱుక మనకు క్రొత్త కాదు. ఏ పద్ధతియైనను ఇంటిలో సొంతముగా గీకుటయు, రాయుటయు ప్రమాదము. వారములు గడచినను మానని పుండును, పెరుగుచు రంగు మారు మచ్చను వైద్యునకు చూపుడు. పైపొరలో నున్న వ్యాధి పైపొరలోనే తొలగింపబడుట సులభము. లోతునకు దిగినపిమ్మట ఈ వెలుగు దానిని అందుకొనజాలదు.