ఆయుర్వృద్ధి - అస్థిరక్షణ

ఎవరి స్మృతికై నేడు మనమిచట సమావేశమైతిమో ఆ వైద్యవర్యులు రోగి నోటిమాటను మొదట విని, పిమ్మటనే పరీక్షాపత్రములను విప్పెడివారు, కావున, హెచ్.ఐ.వి.తో జీవించువారు చెప్పుచున్నను మనము తరచుగా వినిపించుకొనని ఎముకల బాధను గూర్చి ప్రసంగించుటయే వారికి తగిన నివాళి యని తలంచితిని.

1986లో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె శిష్యురాలు నిర్మల మద్రాసులో సేకరించిన రక్తనమూనాలయందు ఈ వైరస్ మన దేశమున తొలిసారిగా బయటపడెను. 2004 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని ఎనిమిది ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా ఎ.ఆర్.టి. (వైరస్‌ను అణచు) మందుల పంపిణీ ఆరంభమైన నాటినుండి, మరణమును మాత్రమే తలపించిన వ్యాధి క్రమముగా దీర్ఘకాలము మందులతో అదుపునందుంచదగినదయ్యెను. యౌవనమున మాత్ర పట్టినవారు నేడు నడివయస్సు దాటుచున్నారు. వారిని ఇంతకాలము నిలిపిన వైద్యము, వారు తమ కాళ్లపై నిలుచుటకును బాధ్యత వహింపవలదా?

ఎముక జడపదార్థము కాదు. పాత తాటాకు దించి కొత్త తాటాకు నేయు ఇంటికప్పువలె అది నిత్యము కొంత కరగుచు, కొంత కట్టబడుచుండును. వైరస్ రేపు నిరంతర శోథమువలన కరగుట పెరుగును. చికిత్స మొదలైన పిమ్మట రక్షణకణములు తిరిగి వృద్ధిపొందు సమయముననే తొలి ఒకటి రెండేండ్లలో అస్థిసాంద్రత నూటికి రెండునుండి ఆరు పాళ్లు తగ్గును. మన ఎ.ఆర్.టి. కేంద్రములలో విరివిగా ఇచ్చు టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ అను మందు మూత్రపిండములద్వారా ఫాస్ఫేటును పోగొట్టి ఈ నష్టమును అధికము చేయగలదు.

ఇంతకంటె దారుణమైనది, రక్తప్రసారము తగ్గి తొడయెముక తల నిర్జీవమగుట. 2002లో ప్రకటితమైన అమెరికా జాతీయారోగ్యసంస్థల పరిశోధనలో, తుంటి నొప్పియే ఎరుగని 339 మంది హెచ్.ఐ.వి. బాధితులకు ఎమ్.ఆర్.ఐ. తీయగా 15 మందిలో ఈ వికారము కనబడెను; వైరస్ లేని 118 మందిలో ఒక్కరికిని లేదు. గజ్జలో మొదలై మోకాలివరకు దిగు నొప్పి, బాసింపట్టు వేసి కూర్చుండలేకపోవుట దీని తొలి సూచనలు. తొలిదశలో ఎక్స్‌రే నిర్దోషముగనే యుండును. అది చూచి “మందుల వేడి” యని రోగిని పంపివేసినచో, ఎముక తల కుంగునంతవరకు వ్యాధి మరుగుననే యుండును. నొప్పికని స్టెరాయిడ్ సూదులు వేయించుకొనుట, మితిమీరిన మద్యపానము ఈ ముప్పును పెంచును. తుంటియే కాదు, వెన్నును గమనింపవలెను: వీడని వెన్నునొప్పితో జ్వరము, బరువు తగ్గుట కలసివచ్చినచో వెన్నెముక క్షయను శంకింపవలెను.

అట్లని ఎముకలకు భయపడి మాత్రలు మానుట ఆత్మహత్యాసదృశము. మందులను విరామములతో వాడినవారికి, ఎడతెగక వాడినవారికంటె అవకాశవాద వ్యాధులో మరణమో సుమారు రెండున్నర రెట్లు అధికముగా సంభవించెనని 2006లో ప్రకటితమైన ‘స్మార్ట్’ అను అంతర్జాతీయ పరిశోధన నిరూపించెను. చేయవలసినది వేరు: అవసరమైనచోట వైద్యుని నిర్ణయముతో ఎముకకు తక్కువ హాని చేయు టెనోఫోవిర్ అలాఫెనమైడ్ వంటి మందునకు మారుట, కాల్షియము, డి విటమిను లోటు తీర్చుట, పొగాకు మానుట, దినదినము నడచుట. ఎముక తల కుంగిపోయినను, వైరస్ అదుపులో నున్నవారికి కృత్రిమ తుంటి అమర్చుట సఫలమగుచున్నది.

శస్త్రవైద్యమిత్రులారా! హెచ్.ఐ.వి. కారణముగా చికిత్స నిరాకరించుటను 2017 నాటి చట్టము నిషేధించినది. చట్టమునకంటె ముందే మన వృత్తిధర్మము దానిని నిషేధించినది. ప్రతి ఎ.ఆర్.టి. కేంద్రమునందును “మాత్రలు వేసికొనుచున్నారా?” యను ప్రశ్నతోపాటు “నడకలో, కూర్చుండుటలో బాధ యున్నదా?” యనియు అడుగుడు; ఉన్నదన్నవారిని అదే నెలలో ఎముకల వైద్యునివద్దకు పంపుడు. ఆ వైద్యుడు వారిని ఇతరులకు వలెనే తాకి, పరీక్షించి, చికిత్స చేయుగాక!