రెండో కుర్రాడి వకీలు



బాపట్ల దగ్గరి స్టువర్టుపురం పేరు చెబితే, ఇవాళ న్యాయశాస్త్ర పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు నవ్వుతారు. దొంగల ఊరని సినిమాలు నేర్పాయి మరి. ఆ ముద్ర వేసింది చట్టం. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఉప్పు, ధాన్యం ఊరూరా మోసి అమ్ముకునే ఎరుకల వాళ్ల బేరాన్ని రైళ్లు దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయినవాళ్లను ప్రభుత్వం దొంగలుగా నమోదుచేసి, స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపే సెటిల్‌మెంటులో పెట్టింది. వేలిముద్రలు, హాజరు, గడప దాటితే పాసు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా ఆ చట్టం ఇచ్చింది. 1952లో ఆ తెగల పేర్లు జాబితాలోంచి కొట్టేశారు, జనం నోళ్లలోంచి కాదు. కవి జాషువా కూతురు హేమలత, నాస్తికవాది గోరా కొడుకు లవణం దంపతులు ఆ ఊరివాళ్ల పునరావాసం కోసం ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చింది.

ఇప్పటి సంగతికి వద్దాం. పదిహేడేళ్ల కుర్రాళ్లు ఇద్దరు చెరో బండి ఎత్తుకెళ్లారనుకోండి. మొదటివాడి తండ్రి ఒక్క ఫోన్ చేస్తాడు, రాజీ కుదురుతుంది, వయసు అలాంటిదిలే అంటారు. రెండోవాడి తల్లి నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. ఆమె ఎవరికి ఫోన్ చేయాలి? 2015 నాటి బాలల న్యాయ చట్టం ఇద్దరికీ ఒక్కటే: లాకప్పులో పెట్టకూడదు, పూచీకత్తు లేకున్నా బెయిలివ్వొచ్చు. ఆ మాట బాలల న్యాయ బోర్డు ముందు గట్టిగా చెప్పే వకీలే రెండోవాడికి కరువు.

దెబ్బతిన్నవాళ్ల మాటేమిటని అడుగుతారు. అడగాల్సిందే. పదహారు నిండినవాళ్లు ఘోర నేరం చేస్తే పెద్దల్లాగే విచారించే దారి 15వ సెక్షన్‌లో ఉంది. బండి దొంగను ఆ దారి పట్టించనక్కర్లేదు. వాణ్ణి మళ్లీ బడిలో చేర్చుకునే హెడ్మాస్టరు, షెడ్డులో పని నేర్పే మెకానిక్కు, ఇల్లు ఖాళీ చేయమనని యజమాని కావాలి. వీళ్లెవరినీ కోర్టు ఇవ్వజాలదు, వీధి ఇవ్వాలి.

మీ వంతు మాత్రం కోర్టులోనే ఉంది. ఎన్‌రోల్ అయ్యాక, బోర్డు కేసులు చూసే న్యాయసహాయ వకీళ్ల వెంట వెళ్లి పని నేర్చుకోండి. ప్రాక్టీసు కుదురుకున్నాక జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌కు దరఖాస్తు పెట్టండి. ఫీజు తక్కువే. మీ నాన్నగారు నన్ను తిట్టుకుంటే భోజనాల దగ్గర నాకు చూపించండి, నేను మాట్లాడతాను.