2202 నుంచి 2225 దాకా: ఒక పద్దు కథ
(కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాసం)



రెడ్డిగారి పేరు మీద మాట్లాడమంటే సాహిత్యం వాళ్లు ‘ముసలమ్మ మరణం’తో మొదలుపెట్టి, ‘కవిత్వతత్త్వ విచారము’ దగ్గరికి వచ్చేసరికి రెండు వర్గాలుగా చీలిపోతారు. నేను ఆ తగాదాలోకి దిగను. నేను అర్థశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. కొన్నాళ్లు ఒక విశ్వవిద్యాలయం ఫైనాన్స్ కమిటీలో కూర్చుని జమాఖర్చులు చూశాను. అందుకని రెడ్డిగారిలోని కవిని, విమర్శకుణ్ణి మీకే వదిలేసి, వైస్ ఛాన్సలర్‌ని తీసుకుంటాను. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయన మొదటి వైస్ ఛాన్సలర్. 1926లో ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆయనకు ఎదురైన ప్రశ్నే ఈ రోజు నా విషయం: చదువుకు డబ్బు ఎవరు ఇస్తారు, ఎవరి చేతికి ఇస్తారు? రెండో సగాన్ని మనం తరచు మరిచిపోతాం. ఎంత ఇచ్చారన్న లెక్క మీద శాసనసభలో ఏటా వాదులాట జరుగుతుంది. ఎవరి చేతికి ఇచ్చారన్నది మాత్రం ఎవరూ అడగరు. ఈ నూరేళ్లలో ఆ చెయ్యి మారిపోయింది.

కొంచెం వెనక్కి వెళదాం. 1854లో ఉడ్ పంపిన విద్యా తాఖీదుతో గ్రాంట్-ఇన్-ఎయిడ్ పద్ధతి వచ్చింది. కళాశాల ఎవరైనా పెట్టుకోవచ్చు, సర్కారు తనిఖీ చేసి కొంత సాయం చేస్తుంది అన్నది దాని సారం. ఖర్చు మీది, తనిఖీ మాది అన్నమాట. మన జిల్లాల్లో అది బాగానే అల్లుకుంది. మచిలీపట్నంలో నోబుల్ దొర పేరిట, గుంటూరులో మిషనరీల చేత, విజయనగరంలో మహారాజు చేత, కాకినాడలో పిఠాపురం రాజావారి చేత కళాశాలలు నడిచాయి. సర్కారు సొంతంగా నడిపినవి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. రాజమహేంద్రవరంలో ఒకటి, దత్తమండలాల కోసం 1916లో అనంతపురంలో ఒకటి. అనంతపురం పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరింది. చట్టం ఉంది, పేరు ఉంది, చేతిలో డబ్బు మాత్రం లేదు. అప్పుడు జయపురం సంస్థానం నుంచి విక్రమదేవ వర్మగారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు. అక్కడి సైన్సు కళాశాలకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది. ఇందులో నన్ను ఆకట్టుకునేది లక్ష కాదు, ‘ఏటా’ అన్న మాట. దాత సాధారణంగా భవనం కట్టిస్తాడు, గుమ్మం మీద శిలాఫలకం పెట్టించుకుంటాడు. లెక్చరర్ జీతానికి శిలాఫలకం ఉండదు గదా. గాజు పరీక్షనాళికలకు, గ్యాసుకు, రాత్రి కాపలాదారుకు దాత దొరకడు. పిలిచిన ఆచార్యుడు వచ్చే ఏడు కూడా జీతం అందుతుందన్న నమ్మకంతో మూటాముల్లె సర్దుకుని వాల్తేరు రావాలంటే ‘ఏటా’ అన్న మాట కావాలి. 1930లలో రసాయనశాస్త్రంలో శేషాద్రిగారు, భౌతికశాస్త్రంలో భగవంతంగారు అక్కడ నిలబడ్డారంటే, ఆ నమ్మకం ఎంతో కొంత కుదిరినందువల్లనే అనుకుంటాను.

రెడ్డిగారు 1930లో ప్రభుత్వ అణచివేతకు నిరసనగా పదవి వదిలేశారు. తరవాత రాధాకృష్ణన్‌గారు వచ్చారు. 1936లో రెడ్డిగారు తిరిగి వచ్చి 1949 దాకా ఉన్నారు. గ్రాంటు ఇచ్చే సర్కారు మీదే నిరసన తెలిపి, కొన్నేళ్లకు అదే కుర్చీలోకి తిరిగి వచ్చిన మనిషి! ఇవాళ్టి వైస్ ఛాన్సలర్లలో ఎవరినీ ఆయనతో పోల్చి ఇబ్బంది పెట్టను.

అదే కాలంలో గోదావరికి అవతల ఇంకో కథ నడిచింది. నైజాం రాజ్యంలో పద్దు మీద మండలిలో చర్చ లేదు. 1917లో అక్బర్ హైదరీ విన్నపం రాశాడు, నిజాం ఫర్మానా ఇచ్చాడు, 1918కి ఉస్మానియా పుట్టింది. ఉర్దూ మాధ్యమం కాబట్టి పుస్తకాలు కావాలి. అందుకని తరగతులకన్నా ముందే, 1917లోనే, అనువాదశాల పెట్టారు. 1919లో పాఠాలు మొదలయ్యాయి. మనందరం బొమ్మల్లో చూసే ఆ ఆర్ట్స్ కళాశాల భవనం 1939 చివర్లో గాని ప్రారంభం కాలేదు. ముందు అనువాదకుల జీతాలు, తరవాత పాఠాలు, ఇరవై ఏళ్లకు గుమ్మటాలు. ఆ చదువు తెలుగు పిల్లవాడికి పరాయి భాషలో వచ్చిందన్న ఫిర్యాదు న్యాయమైనదే, దాన్ని నేను కప్పిపుచ్చను. ఖర్చు పెట్టిన వరస గురించే నేను మాట్లాడుతున్నది.

ఇప్పుడు అనంతపురం. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడికలో సీమ పెద్దలు అడిగినవాటిలో విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి. వాల్తేరు ఒక కొస, మరి మాకేది అన్నారు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. దేవస్థానం భూమి ఇచ్చింది. అనంతపురానికి 1968లో దానికి అనుబంధంగా పీజీ కేంద్రం దక్కింది. అదే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయ్యేటప్పటికి 1981. ఒడంబడిక నుంచి లెక్కేస్తే నలభై నాలుగేళ్లు. బడ్జెట్లో ప్రాధాన్యం అంటే ముందు ఏ ఊరు, తరవాత ఏ ఊరు అనే అర్థం కూడా ఉందని సీమవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

స్వాతంత్ర్యం తరవాత పద్ధతి స్థిరపడింది. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 1956లో చట్టబద్ధమైంది. కొత్త విభాగాలకు, పరికరాలకు కేంద్రం సాయం చేసేది. జీతాలు, నిర్వహణ రాష్ట్రం ఏకమొత్తంగా ఇచ్చే బ్లాక్ గ్రాంటు నుంచి. 1966లో కొఠారీ కమిషన్ నివేదిక విద్యకు జాతీయాదాయంలో 6 శాతం అన్నది. ఆ అంకె అప్పటినుంచి ప్రతి ఎన్నికల ప్రణాళికలోనూ అతిథిగా వస్తూ పోతూ ఉంది. 1976లో నలభై రెండో సవరణ విద్యను ఉమ్మడి జాబితాకు మార్చింది. అధికారం ఉమ్మడి అయింది, జీతాల బిల్లు మాత్రం రాష్ట్రం దగ్గరే ఉండిపోయింది.

ఆ బిల్లు ఎలా పెరుగుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. 2006 యూజీసీ వేతన సవరణ వచ్చినప్పుడు అదనపు భారంలో 80 శాతం కేంద్రం భరిస్తానంది. ఎంతకాలం? 2010 మార్చి 31 దాకా. తరవాత మొత్తం రాష్ట్రానిదే. 2016 సవరణకు ఆ వాటా 50 శాతానికి, గడువు 2019 మార్చికి కుదించుకుపోయింది. పెళ్లిఖర్చు మామగారు పెట్టి, కాపురం ఖర్చు అల్లుడికి వదిలేసినట్టు! ఆ అల్లుడు ఏం చేస్తాడు? ఖాళీలు నింపడం మానేస్తాడు. రిటైరైనవాళ్ల స్థానంలో అకడమిక్ కన్సల్టెంట్లు, పార్ట్ టైమ్ వాళ్లు, గెస్ట్ ఫ్యాకల్టీ వస్తారు. పాత విశ్వవిద్యాలయాల్లో పెన్షన్లు కూడా అదే బ్లాక్ గ్రాంటులోంచి పోవాలి. పాఠం చెప్పేవాళ్లు తగ్గుతారు, పెన్షన్ తీసుకునేవాళ్లు పెరుగుతారు, పైకి గ్రాంటు పెరిగినట్టే కనబడుతుంది. నేనూ పెన్షనర్నే. ఆ తప్పులో నా వాటా ఉందని ఒప్పుకుంటున్నాను.

బడ్జెట్ పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూశారా? సాధారణ విద్య పద్దు 2202. అందులో 03 అంటే విశ్వవిద్యాలయ, ఉన్నత విద్య. దాని కింద 102 విశ్వవిద్యాలయాలకు సాయం, 103 ప్రభుత్వ కళాశాలలు, 104 ఎయిడెడ్ కళాశాలలు. ప్రతి పద్దుకూ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు వేరువేరుగా ఉంటాయి. ఆర్థికమంత్రి ప్రసంగం, మరునాటి పత్రికల పతాక శీర్షిక అంచనా మీదే నడుస్తాయి. వాస్తవ ఖర్చు రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. అప్పటికి దాన్ని చదివే ఓపిక ఎవరికీ ఉండదు. నా మాట వింటే ఆ చివరి లెక్క దగ్గర మొదలుపెట్టి వెనక్కి చదవండి.

కేటాయింపు ఒకటి, విడుదల వేరొకటి. నేను కొన్నాళ్లు పనిచేసిన ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్ర ప్రయోగశాలకు మంజూరైన డబ్బు ఒక ఏడు మార్చి 30 సాయంత్రం విడుదలైంది. మర్నాటికి బిల్లు ట్రెజరీకి చేరకపోతే డబ్బు మురిగిపోతుంది. రసాయనాలకు కొటేషన్లు పిలవాలి, టైము లేదు. ఇనుప బీరువాలకు రేటు కాంట్రాక్టు ఉంది. రాత్రికి రాత్రి నాలుగు బీరువాలు దిగాయి. ఆసిడ్ సీసాలు అడిగితే బీరువాలు వచ్చాయని పిల్లలు నవ్వారు. నవ్వక ఏం చేస్తారు?

1990ల దగ్గరికి వద్దాం. ఇక్కడ ఇద్దరు తెలుగువాళ్లు ఎదురవుతారు. కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన జి. రామిరెడ్డిగారు, 1982లో మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టిన మనిషి, అప్పుడు యూజీసీ అధ్యక్షులు. ఉన్నత విద్యకు నిధుల సంగతి తేల్చమని యూజీసీ వేసిన కమిటీకి అధ్యక్షులు జస్టిస్ పున్నయ్యగారు, శ్రీకాకుళం వైపు వారు. 1993లో వచ్చిన నివేదిక ఏమందంటే, విశ్వవిద్యాలయాలు తమ నిర్వహణ ఖర్చులో 15 శాతం అయిదేళ్లలో, 25 శాతం పదేళ్లలో సొంతంగా సంపాదించుకోవాలి. కమిటీ ఉద్దేశం ప్రభుత్వ గ్రాంటును తప్పించడం కాదు. దానికి పైన ఇంకొంత కూడబెట్టుకోమనడమే. కానీ సెక్రటేరియట్‌లో ఆ వాక్యాన్ని తిరగేసి చదివారు: 25 శాతం మీరు తెచ్చుకోగలిగితే మేం ఇచ్చేది తగ్గించవచ్చన్నమాట! దాంతో సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు పుట్టుకొచ్చాయి. దూరవిద్యా కేంద్రాల రుసుములతో ప్రాంగణంలో జీతాలు ఇచ్చిన నెలలు ఉన్నాయి. చరిత్ర, తత్వశాస్త్రం, తెలుగు, సంస్కృతం చెప్పుకోదగ్గ ఫీజులు తేలేవు. వాటి ఖాళీలే ముందు మాయమయ్యాయి.

అదే ఏడు, 1993లో, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పథకాన్ని పక్కన పెట్టింది. ఇంజినీరింగ్ కళాశాలలు ఉమ్మడి రాష్ట్రంలో ఒక దశలో దాదాపు 700 అయ్యాయి. ఫీజు కట్టలేని పిల్లవాడి సంగతేమిటి? 2008 నాటికి దానికి జవాబుగా, పిల్లవాడి ఫీజును సర్కారే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది.

దాన్ని తిట్టడానికి నేను ఇక్కడికి రాలేదు. నా విద్యార్థుల్లో కూలివాళ్ల పిల్లలు ఇంజినీర్లయ్యారు. వాళ్ల అమ్మల ముఖాలు చూసినవాణ్ణి. కానీ పద్దు చూడండి. ఆ డబ్బు 2202లో ఉండదు. ఎక్కువ భాగం 2225లో, అంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమం కింద ఉంటుంది. విద్యాశాఖ డిమాండు మీద చర్చలో అది రాదు. ఉన్నత విద్య మీద రాష్ట్రం పెట్టే పెద్ద ఖర్చుల్లో ఒకటి ఉన్నత విద్యాశాఖ పుస్తకంలోనే కనబడదు! సంస్థకు ఇచ్చే చేతి నుంచి సీటుకు ఇచ్చే చేతికి డబ్బు మారింది. సీటు ఎక్కడుంటే డబ్బు అక్కడికి పోతుంది. ప్రైవేటు కళాశాలలో సీటు ఉంటే ఆ డబ్బుతో అక్కడ భవనం లేస్తుంది. సర్కారు విశ్వవిద్యాలయానికీ కొంత వస్తుంది గాని, గ్రంథాలయానికి, పరిశోధనకు, ఫీజు తేలేని విభాగానికి అందులో ఏమీ ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 తరవాత అదే డబ్బు తల్లుల ఖాతాలోకి మళ్లింది, మళ్లీ కళాశాల ఖాతాలోకి వచ్చింది. తెలంగాణలో బకాయిల కోసం 2025లో యాజమాన్యాలు తలుపులు మూసేదాకా వెళ్లాయి. ఎవరి ఖాతా అన్నది మారుతూ ఉంది, బకాయి మాత్రం మారడం లేదు.

ఇదే కాలంలో రిబ్బన్లు కూడా జోరుగా కత్తిరించాం. 2006 నుంచి 2008 లోపు కడప, రాజమండ్రి, నిజామాబాద్, నల్గొండ, మహబూబ్‌నగర్, కరీంనగర్, మచిలీపట్నం, నెల్లూరు, కర్నూలు, శ్రీకాకుళం: పది విశ్వవిద్యాలయాలు. నలభై నాలుగేళ్లు నిరీక్షించిన అనంతపురం సంగతి తెలిసినవాణ్ణి కనక, ఇంటికి దగ్గరగా పీజీ రావడం ఆడపిల్లలకు ఎంత మేలో నాకు తెలుసు. ఆ ఊళ్లకు అవి వద్దని ఎవరూ అనరు. ఎటొచ్చీ పేరుబోర్డు పెట్టిన వేగంతో పోస్టులు మంజూరు కాలేదు, మంజూరైనవి నిండలేదు. మరోపక్క ఎయిడెడ్ కళాశాలల ఖాళీలను ఏళ్ల తరబడి ఆపి, 2021లో ఆంధ్రప్రదేశ్‌లో వాటిని ఆస్తులతో సహా అప్పగించండి లేదా గ్రాంటు వదులుకోండి అన్నారు. పిల్లలు రోడ్డెక్కాక కొంత వెనక్కి తగ్గారు. 1854 నాటి ఆ పాత గ్రాంటు పద్ధతికి అలా నీళ్లు వదలబోయారు.

నన్ను అడిగితే ప్రాధాన్యం ఎక్కడ? మంజూరైన పోస్టులు నింపడం ముందు. గ్రాంటును మూడేళ్లకు ఒకేసారి చెప్పి, పెన్షన్ భారాన్ని దాన్నుంచి విడదీయడం తరవాత. 2202ను, 2225లోని ఫీజుల మొత్తాన్ని పక్కపక్కన అచ్చువేసి సభ ముందు పెట్టడం మూడోది. దీనికి పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ చేయరనుకుంటాను. కొత్త భవనాలు ఆ తరవాత.

ఆ బీరువాల సంగతి సగంలో వదిలేశాను. మొన్నీమధ్య ఆ కళాశాలకు వెళ్లాను. నాలుగూ ఉన్నాయి, తుప్పు కూడా పట్టలేదు. లోపల ఏముందో చూద్దామని తాళంచెవి అడిగాను. అది ల్యాబ్ అటెండర్ దగ్గర ఉండేదట. ఆయన రిటైరై ఆరేళ్లయిందట. ఆ పోస్టు ఇంకా నింపలేదు.